తూర్పు ముఖం పెట్టిన కారు

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ సుఖం, నాకూ సుఖం. బస్సెక్కితే డ్రైవరు కునుకు తీస్తున్నాడేమోనని అద్దంలో అతని కళ్లే చూస్తూ కూర్చుంటాను. గ్యాసు కట్టేశానో లేదోనని వీధి చివరి నుంచి వెనక్కి వస్తాను. అలాంటిదాన్ని, యాభై రెండేళ్ల వయసులో, కావలి నుంచి ఒంటరిగా బయల్దేరి సంగారెడ్డి వైపు ఆరు రోజులు తిరిగి వచ్చాను. వెళ్లింది గుడి కోసం కాదు, కోట కోసమూ కాదు. చలికి స్టార్టవని ఒక పాత డీజిల్ కారు కోసం. నవ్వకండి.

సంగతేమిటంటే, మా చెల్లెలు సుజాతకి ఉబ్బసం. పద్నాలుగేళ్ల క్రితం పటాన్‌చెరులో ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తూ, అక్కడే పనిచేసే యాదగిరిని ఇష్టపడి పెళ్లి చేసుకుని, కొండాపూర్ మండలంలోని అతని ఊళ్లోనే ఉండిపోయింది. మొన్న చలి మొదలైన కొత్తలో ఒక తెల్లవారుజామున ఆయాసం ఎక్కువైంది. ఇంట్లో ఆవిరి పట్టే మిషన్ ఉంది గానీ దానికి లొంగలేదు. కారు తీద్దామంటే స్టార్టవలేదు. అంబులెన్సు మంచులో దారి వెతుక్కుంటూ రావాలి. అరగంట తాళం తిప్పి తిప్పి, చివరికి అటుగా పోతున్న పాల వ్యాను ఆపి సంగారెడ్డి తీసుకెళ్లారు. ఇంకోసారి ఇంత ఆలస్యం చేస్తే తన చేతిలో ఏమీ ఉండదని డాక్టరు చెప్పాడట. ఇదంతా సుజాత నాకు ఫోన్లో నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం దిగలేదు.

ఈ నెలంతా యాదగిరికి మొదటి షిఫ్టు. ఐదింటికల్లా కంపెనీ బస్సెక్కి వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఇంట్లో ఉండేది సుజాత, వాళ్ల అత్తగారు, స్టార్టవని కారు. సుజాత బండి నడపగలదు గానీ ఆయాసం వచ్చినప్పుడు ఎలా నడుపుతుంది? నాకు డ్రైవింగు వచ్చు. రోజూ నలభై దాటకుండా స్కూలుకు వెళ్లి వస్తాను. "కారు బాగయ్యేదాకా నేనొచ్చి ఉంటాను" అని ఫోన్లో అనేశాను. అన్నాక భయం వేసింది గానీ అప్పటికే హెడ్మాస్టరుగారు సెలవు చీటీ మీద సంతకం పెట్టేశారు.

పటాన్‌చెరు

పొద్దున్నే బస్సు దిగాను. మా కావలిలో చలంటే తెల్లవారుజామున ఫ్యాను ఒక పాయింటు తగ్గించడం. ఇక్కడ చలి ముక్కు చివర పట్టుకుని లాగుతుంది. ఆ చలిలోనే ఒక వాసన, మందుల షాపులో సీసా పగిలినట్టు. రెండడుగులకు ఒక లారీ. తలకు మఫ్లర్లు చుట్టుకుని, చేతిలో టిఫిన్ డబ్బాలతో, హిందీ, ఒడియా, తెలుగు కలిపి మాట్లాడుకుంటూ పనికి పోతున్న మనుషులు. ఎవరికీ ఆ వాసన తగిలినట్టే లేదు.

టీ పదిహేను రూపాయలు. మా దగ్గర పదికే ఇస్తారని మనసులో అనుకున్నాను, పైకి అనలేదు. బిహార్ నుంచి వచ్చి ఇరవై ఏళ్లయిందంటున్న టీ కొట్టాయన నన్ను చూడగానే "బైఠో అమ్మా, ఇట్ల కూసో, గాలి తగల్దు" అని స్టవ్వు పక్కన స్టూలు వేశాడు. ఆ తెలుగు ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడో గానీ మా చెల్లెలి తెలుగు కంటే బాగుంది.

వారపు సెలవని యాదగిరే కారు తీసుకుని వచ్చాడు. తెల్లటి కారు, పన్నెండేళ్ల వయసు, ముందు నిమ్మకాయా మిరపకాయల దండ. నా సంచి వెనక పెట్టి టీ తాగడానికి వచ్చాడు గానీ ఇంజను ఆపలేదు. కారు అక్కడ గుర్రుమంటూనే ఉంది.

"ఆపలేదేం యాదగిరీ? డీజిల్ దండగ కదా" అన్నాను.

"బంద్ చేస్తే మల్ల చాలూ కాకపోతే ఎట్ల వదినె?"

"వేడి మీద స్టార్టవుతుందన్నారుగా."

"అయితది. ఎప్పుడైనా అయితది. పొద్దుగాల ఒక్కటే కాదు. అయినా బంద్ చేయబుద్ధి అయితలేదు" అని టీ గ్లాసు వైపు చూస్తూ అన్నాడు. నాకు అతని మీద ఒక్కసారిగా జాలీ, ఇష్టమూ కలిగాయి. ఈ ఇంట్లో నాలాంటివాడు ఇంకొకడున్నాడు అనుకున్నాను.

కాజీపల్లి

ఇంటికి వెళ్లేముందు కాజీపల్లిలో తన మెకానిక్కుకు ఇంకొక్కసారి చూపిస్తానన్నాడు యాదగిరి. దారి పొడవునా ఎత్తైన గోడలు, గోడల వెనక గొట్టాలు. కార్మికులు ఉండే గదుల ముందు తీగల నిండా ఒకే రంగు యూనిఫారాలు ఆరేసి ఉన్నాయి. ఆ గదుల వరస చివరే మెకానిక్కు శ్రీను షాపు.

శ్రీను చెడ్డవాడు కాదు. తాళం తిప్పాడు, కారు వెంటనే పలికింది. "సూసినవా అన్నా? మంచిగనే ఉన్నది" అన్నాడు. అంతకుముందే అతను హీటర్ ప్లగ్గులు మార్చాడు. డీజిల్ ఇంజను చల్లగా ఉన్నప్పుడు లోపల కాస్త వేడి పుట్టించే చిన్న పుల్లలు అవి. తగ్గలేదు. తర్వాత బ్యాటరీ మార్చాడు. అయినా తగ్గలేదు. ఇక మిగిలింది ఇంజను విప్పడమేనన్నాడు.

"బాబూ, చల్లగా ఉంటే స్టార్టవదు అంటున్నాం. మరి నువ్వెప్పుడైనా చల్లగా ఉన్నప్పుడు చూశావా?" అని అడిగాను. లెక్కల టీచర్ని, నోరూరుకోదు.

"ఎట్ల సూస్త మేడం? మీరు నడుపుకుంట వస్తిరి, వేడైపాయె" అన్నాడు శ్రీను. పొద్దున్నే మా ఊరికి రమ్మంటే, షాపు ఎవరు తెరుస్తారని నవ్వాడు. జ్వరం తగ్గాక ఆసుపత్రికి వెళ్లినవాడికి డాక్టరు ఏం చెప్తాడు, ఇదీ అంతే. అక్కడే ఒడియా మెస్సులో ఎనభై రూపాయలకు అన్నం, పప్పు, బంగాళాదుంప కూర తిన్నాం. కూరలో ఆవనూనె. నాకు సయించలేదు, యాదగిరి నా వంతు కూడా తిన్నాడు.

చెల్లెలి ఊరు

సంగారెడ్డి దాటి కొండాపూర్ వైపు తిరిగితే గోడలూ గొట్టాలూ పోయి కంది చేలు వచ్చాయి. ఊళ్లో యాదగిరి వాళ్లది పాత ఇల్లు. ఎత్తు అరుగుల మీద కట్టారు. పడమర వైపు రోడ్డు, రోడ్డు నుంచి ఇంటి దాకా వాన నీళ్లు పోవడానికి వాలుగా వేసిన సిమెంటు. ఆ వాలు ఎక్కి కారు ముఖం ఇంటి వైపు పెట్టి ఆపాడు యాదగిరి.

"తిప్పి పెట్టు యాదగిరీ. మా వైపు రోడ్డు వైపు ముఖం పెట్టి ఉంచుతాం. అవసరమైతే గబుక్కున పోవచ్చు" అన్నాను.

అరుగు మీది నుంచి సుజాత అత్తగారు నర్సమ్మ గారు లేచి వచ్చారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. "వద్దు బిడ్డా. బండి తూర్పు మొకమే ఉండాలె. పడమటి మొకం పెట్టొద్దు. లోపలికి రా, కాళ్లు కడుక్కో" అన్నారు. వచ్చిన పూటే ఎందుకులే అని ఊరుకున్నాను.

సుజాత చిక్కిపోయింది. నన్ను చూసి "అక్కా, గింత సలిల ఎందుకొచ్చినవే" అంది. ఈ భాష చూడండి. కావలిలో పుట్టి పెరిగిన పిల్ల. నేను నెల్లూరు యాస గుర్తు చేస్తే నవ్వింది, నవ్వు దగ్గయింది, దగ్గు చాలాసేపు ఆగలేదు. అత్తగారు వీపు రాస్తూ నిలబడ్డారు. "నేనూ కారూ ఒక్కటే అక్కా, సలైతే ఇద్దరం చాలూ కాము" అంది సుజాత ఊపిరి అందాక.

రాత్రి భోజనంలో పచ్చిపులుసు, గిన్నెకు ఒత్తి కాల్చిన బియ్యప్పిండి రొట్టె, దాన్ని సర్వపిండి అంటారు. మేం చారు కాచి తాగుతాం, వీళ్లు కాచకుండానే చింతపండు పులుసులో పచ్చి ఉల్లిపాయలు వేసుకుని తాగుతారు. రెండోసారి అడిగి వేయించుకున్నాను. భయంలో కూడా నాలుక దాని పని అది చేస్తుంది.

మొదటి పొద్దు

నాలుగున్నరకే యాదగిరి లేచాడు. షిఫ్టుకు పోయేముందు రోజూ ఒకసారి స్టార్ట్ చేసి పోతాడట. స్టార్టయితే కాసేపు ఇంజను నడవనిచ్చి ఆపేస్తాడు, ఆ పూటకు ధైర్యం. అవకపోతే ఆ దిగులుతోనే బస్సెక్కుతాడు. నర్సమ్మ గారు, సుజాత కారు ముందు శాలువాలు కప్పుకుని నిలబడ్డారు. ముందు నిలబడాలంటే నాకు భయం, మీద మీదకు వస్తుందేమోనని. అందుకని వెనక్కి పోయి, వాలు కింద రోడ్డంచున నిలబడ్డాను.

తాళం తిప్పాడు. కారు ఒకటే ఏడుపు. నేను భయం వేస్తే లెక్కపెట్టుకుంటాను, చిన్నప్పటి అలవాటు. ఒకటి, రెండు, మూడు. తిప్పడం, ఆపడం, మళ్లీ తిప్పడం. ఇరవై మూడో సారికి దగ్గి, వణికి, పలికింది. యాదగిరి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. ఐదింటికి హారను వేసిన కంపెనీ బస్సెక్కి పోయాడు. ఇరవై మూడు సార్లు తిప్పేలోపు మనిషికి ఏమవుతుందో ఆలోచిస్తూ నేను అరుగు మీద కూర్చున్నాను.

సంగారెడ్డి

ఆ రోజే కారు నేను నడుపుకుంటూ, సుజాతను పక్కన కూర్చోబెట్టుకుని సంగారెడ్డి వెళ్లాను. ఒక ఇరానీ చాయ్ హోటల్లో, డీజిల్ బండ్లు బాగా ఎవరు చూస్తారని అడిగితే ఇద్దరు ఒకే పేరు చెప్పారు. ఖాజా భాయి. పాత బస్టాండు అవతల రేకుల షెడ్డు. తెల్ల గడ్డం, కళ్లద్దాలకు దారం, అరవై దాటిన మనిషి. బోనెట్ ఎత్తలేదు, తాళం అడగలేదు. స్టూలు చూపించి "కూసోండ్రి అమ్మా. ముందుగాల చెప్పుర్రి" అన్నాడు.

"ఎన్నిసార్లు తిప్పితే చాలూ అయింది?"

"ఇరవై మూడు" అన్నాను. నా వైపు బాగా చూశాడు.

"చాలూ కాకముందు, తిప్పుతున్నప్పుడు, వెనక గొట్టం నుంచి తెల్ల పొగ వచ్చిందా?"

సుజాత నా వైపు చూసింది. ఇన్నాళ్లూ వాళ్లందరూ కారు ముందే నిలబడ్డారు, వెనక చీకటి. శ్రీను ఈ ప్రశ్న అడగనే లేదు. "రాలేదు. నేను వెనకే ఉన్నాను. ఇరవై రెండుసార్లూ ఏమీ రాలేదు. స్టార్టయ్యాకే వచ్చింది" అన్నాను. నా పిరికితనం ఒకరికి పనికి రావడం అదే మొదటిసారి.

"పొగ లేదంటే ఇంజనుకు నూనె అందుతలేదు. వేడితోని పరేషాన్ లేదు. ప్లగ్గులు ఊకెనే మార్చిండ్రు" అన్నాడు ఖాజా భాయి. నూనె అంటే డీజిలే. "బండి ఇక్కడ ఇడిసిపెట్టుర్రి. ఎవ్వరూ ముట్టొద్దు. రేపు పొద్దుగాల ఆరింటికి రాండ్రి, మీ ముందర తిప్పుత."

ఒక రాత్రి ఇంట్లో కారు లేకుండా ఉండాలి. స్టార్టవకపోయినా ఎదురుగా ఒక కారు ఉంటే అదో ధైర్యం, అది కూడా లేదు. ఊళ్లో ఆటో నడిపే ఆయన్ని బతిమాలి, ఫోన్ దిండు పక్కనే పెట్టుకుని పడుకోమన్నాను. నాకు మాత్రం నిద్ర లేదు. పక్క మంచంలో సుజాత ఊపిరి వింటూ గడిపాను.

ఆరింటికి మంచులో ఆ ఆటోలోనే సంగారెడ్డి చేరాను. షెడ్డు ముందు కారు, దాని అద్దాల మీద మంచు. ఖాజా భాయి తాళం నా చేతికే ఇచ్చాడు. తిప్పాను. ఒక్కటే తిప్పుడు, పలికేసింది.

నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. ఖాజా భాయి ముఖం మాత్రం మాడిపోయింది. "చాలూ అయితే నాకు పరేషాన్ అమ్మా" అని కాసేపు గడ్డం నిమురుకున్నాడు. తర్వాత అడిగిన ప్రశ్న నేను ఎప్పటికీ మరచిపోను. "రాత్రి ఈడ నా షెడ్డుల పండుకున్నది. మీ ఇంట్ల యాడ పండుకుంటది?"

బండి పండుకునే జాగ

పోయేముందు అతను డీజిల్ వచ్చే దారిలో ఒకచోట నల్ల గొట్టం తీసి, ఆసుపత్రిలో సెలైన్ పెట్టే గొట్టంలాంటి తెల్ల గొట్టం వేశాడు. లోపల డీజిల్ లేత పసుపు రంగులో కనిపిస్తోంది. "రోజు లెక్కనే మీ జాగల పెట్టుర్రి. రేపు నేనే వస్త" అన్నాడు.

వస్తాడని నాకు నమ్మకం లేదు. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే, మఫ్లరు మీద మఫ్లరు చుట్టుకుని, పాత మోటారు సైకిలు మీద వచ్చాడు. ఖాజా భాయి చూసేదాకా ముట్టొద్దని, ఆ రోజు తాళం తిప్పకుండానే యాదగిరి అప్పుడే బస్సెక్కాడు. నర్సమ్మ గారు వేడి చాయ్ ఇచ్చారు. ఖాజా భాయి చాయ్ తాగుతూ కారు వైపు చూడలేదు, సిమెంటు వాలు వైపు చూశాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు. గ్లాసు అరుగు మీద పెట్టి బోనెట్ ఎత్తి టార్చి వేసి నన్ను పిలిచాడు.

తెల్ల గొట్టం ఖాళీగా ఉంది. రాత్రి నేనే చూశాను, నిండుగా ఉంది.

"మొకం మీదికి పెట్టి పండవెడితిరి, నూనె అంతా వెనక టాంకులకు జారిపోయింది. నా షెడ్డు సమంగ ఉంటది, అందుకే జారలే" అన్నాడు. డీజిల్ వడగట్టే డబ్బా మీద చేత్తో ఒత్తే చిన్న పంపు ఒకటి ఉంటుంది. దాని కింద రబ్బరు రింగు. "ఇది ముసలిదైంది. సలికి ముడుసుకుంటది, గాలి గుంజుతది. గాలి పోతే నూనె జారుతది. ఎండల ఇదే రింగు మల్ల సాగి కూసుంటది. గందుకే మీకు పగటిపూట అంత మంచిగ కనవడ్డది."

ఆ పంపును ముప్పై సార్లు ఒత్తాడు. తెల్ల గొట్టంలో బుడగలు పరిగెత్తాయి, తర్వాత పసుపు రంగు నిండింది. తాళం తిప్పితే ఒక్కసారికే పలికింది. ఇరవై మూడు సార్లు ఏడ్చిన కారు ఇదేనా అనిపించింది. ఇంజను విప్పుతామన్న శ్రీనును తలుచుకుని కోపమూ వచ్చింది.

అసలు రింగు తన దగ్గర లేదు, ఎల్లుండికి తెప్పిస్తానన్నాడు. "అందాక మొకం కిందికి పెట్టుర్రి. తోక మీదికి ఉంటే నూనె జారదు. చుక్క చుక్క కారితే కారనియ్యి." పంపు ఒత్తడం నాకు నేర్పించాడు గానీ, ఆ సమయానికి నా చేతులు ఆడవని నాకు తెలుసు. ముఖం కిందికంటే రోడ్డు వైపు. రోడ్డు వైపంటే పడమర.

ఏది ముఖం

నర్సమ్మ గారు ఒక్క మాట అన్నారు: "పడమటి మొకం వద్దు." ఖాజా భాయి నా వైపు చూసి, ఇది నా పని కాదన్నట్టు మోటారు సైకిలెక్కి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కందికాయలు ఒలుస్తూ ఆవిడ పక్కన కూర్చున్నాను. నేను వాదించలేదు. వాదించేంత ధైర్యం లేదు. కాసేపటికి ఆవిడే మొదలుపెట్టారు. "ట్రాక్టరు కొన్న కొత్తల, మా ఇంటాయన ఒక్కనాడు పడమటి మొకం పెట్టి పండుకున్నడు. జల్దీ పోవాలె, తిప్పుకునుడు ఎందుకన్నడు. నేనే సరే అన్న. తెల్లారి కాలువల బోల్తా పడ్డది. నేను సరే అనకుంటే ఆయన బతుకుతుండె బిడ్డా."

కాయలు ఒలుస్తూనే ఉన్నారు. అది మూఢనమ్మకమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. గ్యాసు కోసం వీధి చివరి నుంచి వెనక్కి వచ్చేదాన్ని నేను, ఆవిడకు ఏం చెప్పగలను? "అత్తయ్యా, సుజాత ఊపిరిలో రాత్రి కూడా పిల్లికూతలు వినిపించాయి. నాకు చాలా భయంగా ఉంది" అన్నాను. అంతే అన్నాను.

సాయంత్రం యాదగిరి షిఫ్టు నుంచి వచ్చేసరికి నర్సమ్మ గారు తలకు పోసుకుని, పసుపు కుంకుమల పళ్లెంతో వాకిట్లో నిలబడి ఉన్నారు. "బండి తిప్పు" అన్నారు. అతను నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను. కారు రోడ్డులోకి దించి, వెనక్కి వెనక్కి వాలు ఎక్కించాడు. ఇప్పుడు డిక్కీ ఇంటి వైపుంది, అంటే తూర్పుకు.

ఆవిడ డిక్కీ తలుపు తడిగుడ్డతో తుడిచారు. నడుమ పసుపు పూసి, పెద్ద కుంకుమ బొట్టు పెట్టారు. ముందున్న నిమ్మకాయల దండ విప్పించి వెనక నెంబరు ప్లేటుకు కట్టించారు. అగరొత్తులు తిప్పి కొబ్బరికాయ కొట్టారు. "ఇగ ఇదే దీని మొకం. తూర్పుకే ఉన్నది" అన్నారు. యాదగిరి పెదవి బిగబట్టాడు. ఆవిడ చూశారు. "నవ్వకు కొడుకా. నాకు భయమైతున్నది" అన్నారు. నేను వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, కొబ్బరి నీళ్ల తడితో ఉంది.

నాలుగో పొద్దు

ఆ రోజు యాదగిరి లేవడం ఆలస్యమై, తాళం తిప్పి చూడకుండానే పోయాడు. బస్సు హారను వినిపించి పావుగంటయి ఉంటుంది. సుజాత మంచం మీద లేచి కూర్చుని రెండు చేతులూ ముందుకు ఆనించుకుంది. ఆ కూర్చోవడం చూస్తేనే నాకు తెలిసిపోయింది. మిషన్ పెట్టాం. పది నిమిషాలు. లోపలికి పోతున్న గాలి బయటికి రావడం లేదు. మాట్లాడబోయి ఒక్కొక్క అక్షరం దగ్గరే ఆగిపోతోంది. పెదవుల రంగు మారింది. పరీక్షగా చూడాలంటే నాకు భయం, చూడకపోతే ఇంకా భయం.

"తాళం తీస్కో బిడ్డా" అన్నారు నర్సమ్మ గారు. ఇద్దరం కలిసి సుజాతను వెనక సీటులో కూర్చోబెట్టాం. ఆవిడ పక్కన కూర్చుని వీపు రాస్తున్నారు. తాళం మూడుసార్లు తప్పి, నాలుగోసారికి దూరింది. అప్పటికే కళ్ల ముందు పాల వ్యాను, ఖాళీ తెల్ల గొట్టం, అమ్మ ముఖం అన్నీ తిరుగుతున్నాయి. కళ్లు మూసుకుని తిప్పాను.

ఒకటి. రెండు. పలికింది.

తిప్పుకునే పని లేదు. ముఖం రోడ్డు వైపే ఉంది. వాలు దిగి నేరుగా మంచులోకి వెళ్లాను. రోడ్డు పది అడుగుల దాకానే కనిపిస్తోంది. ఎదురుగా కంపెనీ బస్సుల లైట్లు పెద్ద పెద్ద పసుపు ముద్దల్లా వచ్చి పక్కనుంచి పోతున్నాయి. నేను గట్టిగా లెక్కపెడుతున్నానట, నాకు తెలియదు. తర్వాత సుజాతే చెప్పింది. వెనక నుంచి నర్సమ్మ గారు "పో బిడ్డా, మంచిగనే పోతున్నవు, పో" అంటూనే ఉన్నారు. ఒకసారి మీటరు చూశాను. అరవై ఐదు. మళ్లీ చూడలేదు.

ఆసుపత్రిలో సుజాతను లోపలికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టారు. గంట తర్వాత డాక్టరు బయటికి వచ్చి "సమయానికి తెచ్చారు" అన్నాడు. ఆ రెండు మాటలు విన్నాకే నా కాళ్లు చూసుకున్నాను. ఒక కాలికి నా చెప్పు, ఇంకో కాలికి నర్సమ్మ గారిది. ఆవిడ కాళ్లకు అసలు చెప్పులే లేవు.

బయట కారు దగ్గర వాచ్‌మన్ నిలబడి చూస్తున్నాడు. "ఏందమ్మా, అందరు ముందట పూజ చేస్తరు, మీరు వెనక చేసిండ్రు?"

"మా బండి మొకం గటే" అన్నారు నర్సమ్మ గారు, చెంగుతో కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు ఖాజా భాయి కొత్త రింగు వేశాడు. మజూరీ ఎంతంటే మూడు వందలన్నాడు. మంచులో అంత దూరం వచ్చి వెళ్లినందుకు ఎక్కువిస్తానంటే తీసుకోలేదు. "ఇంకా పని అయిపోలే. నేను చెప్పిందాక బండి వాలు మీద పెట్టుర్రి, మొకం మీదికి. మూడు దినాలు పొద్దుగాల ఒక్క తిప్పుకే కావాలె. అప్పుడు అయినట్టు" అన్నాడు. ఆ మూడు రోజులూ చూసే సెలవు నాకు లేదు. ఆ మధ్యాహ్నమే ఇంటికొచ్చిన సుజాత సగం భాష నాదీ సగం వాళ్లదీ కలిపి తిడుతూ, దగ్గుతూ, నన్ను సాగనంపింది.

కావలి

వచ్చిన మర్నాడు పొద్దున నాలుగున్నరకి ఫోన్ మోగింది. ఆ వేళకు వచ్చే ఫోను ఏ కబురు తెస్తుందో నాలాంటివాళ్లకు చెప్పక్కర్లేదు. నర్సమ్మ గారి నెంబరు. ఎత్తి "అత్తయ్యా, సుజాత ఎలా ఉంది?" అన్నాను. ఎవరో నడుస్తున్న చప్పుడు, ఇనప గేటు చప్పుడు, కారు తలుపు చప్పుడు.

తర్వాత తాళం తిప్పిన చప్పుడు. ఒకటి, అనుకునే లోపే ఇంజను పలికింది.

ఫోను కారు దగ్గర నుంచి ఆవిడ చెవి దగ్గరకు వచ్చింది. "ఇనవడ్డదా బిడ్డా?"

"వినబడింది. ఏ ముఖం పెట్టారు?"

"తూర్పు మొకమే, మీదికే. గాయన చెప్పినట్టే పెట్టినం. నీ చెల్లె పండుకున్నది, ఊపిరి మంచిగనే ఉన్నది" అన్నారు. "నువ్వు అక్కడ లేసి కూసొని భయపడుకుంట ఉంటవని జేసిన. ఇగ పండుకో."